అలిగిన కాలు

జూన్ 1, సోమవారం

మళ్ళీ దొరికిపోయాను. గిన్నెలు తోముతూ నాలో నేనే ఏదో గొణుక్కుంటున్నాను. గదికి ఆ చివర మంచం మీద కూర్చున్న బావ చెయ్యి ఊపి పిలిచాడు. ఎవరి కాలు అని పెదాలతో అడిగాడు. నాకు తెలియకుండానే నా నోరు కాలు అని పలికిందన్న మాట. పక్కింటావిడ కాలు బెణికిందట అన్నాను. ఆ పక్కింటావిడ పొద్దున్నే చెంగుచెంగున మెట్లు దిగి పోవడం బావ చూసే ఉంటాడు.

చెవులున్న మనిషి దగ్గర గొణుక్కోవచ్చు. చెవుల్లేని మనిషి దగ్గర కుదరదు. మరమగ్గాల షెడ్డులో ముప్ఫై ఏళ్ళు పని చేసి, బావ చెవులు రెండూ అక్కడే వదిలేసి వచ్చాడు. ఇప్పుడు నా పెదాలే ఆయన చెవులు. నేను నిద్రలో పలవరించినా లేచి కూర్చుని చదివే రకం. అందుకే మా అమ్మాయికి ఆఫీసులో ఇచ్చిన పాత డైరీ, ఒక పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. నాలుగో తరగతి చదువు నాది. గుణింతాలు తప్పితే తప్పనీ. బావకు అక్షరాలు రావు, పెదాలు తప్ప ఇంకేదీ చదవలేడు. భయాన్ని కాగితం మీద పెట్టేస్తే నోటి మీదికి రాకుండా ఉంటుందేమో చూడాలి.

ఆయన చెప్పులో మేకు దిగి ఉంది. ఎన్నాళ్ళుగా ఉందో. లోపలికి పొడుచుకొచ్చిన మొన మీదనే తిరుగుతున్నాడు. బొటనవేలి కింద బెజ్జం పడింది, రక్తం ఎండిపోయి ఉంది. నొప్పి లేదా బావా అంటే, లేదు, కాలు అలిగింది అని నవ్వాడు.

నేనూ నవ్వాను. షుగరున్న మనిషి. అయినా నవ్వాను.

జూన్ 2

మందు రాసి గుడ్డ కట్టాను. గ్యాసు కట్టేశానో లేదో అని రెండుసార్లు లేచి చూశాను. కట్టే ఉంది.

జూన్ 4, గురువారం

మేస్త్రీ వచ్చాడు. షెడ్డులో మా అందరికీ పైవాడు, ఇప్పుడు బావకు మిగిలిన ఒక్కగానొక్క స్నేహితుడు. ఆయనకూ చెవులు సగమే. బావ అసలు గొంతే వాడడు, మేస్త్రీ గొంతు తప్ప ఇంకేమీ వాడడు. వీధంతా వినేలా, ఏరా, కాలు అలిగిందటగా అని గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

గొంతు వాడకపోవడం షెడ్డు అలవాటు. ఆ మోతలో అరిచి లాభం లేదు, అందరం పెదాలతోనే మాట్లాడుకునేవాళ్ళం. నేను నూలు కండెలు చుట్టే వైపు, బావ మగ్గాల వైపు. ఆ వరస నుంచి ఈ వరసకు ఎన్ని మాటలు చప్పుడు లేకుండా నడిచాయో. చెవులు పూర్తిగా పోయాక బావ గొంతు ఎంత పెద్దగా వస్తోందో తనకే తెలిసేది కాదు. ఒకసారి బస్సులో జనమంతా తిరిగి చూశారని సిగ్గుపడి మాట్లాడటమే మానేశాడు. ఇప్పుడు ఇంట్లో ఆయన మాట తెలిసేది నాకొక్కదానికే. అమ్మాయికి నాలుగైదు ముక్కలు వచ్చు, అంతే. చిన్నప్పుడు దాని తల మీదుగా మేమిద్దరం మాట్లాడుకుంటుంటే, నాకు తెలియకుండా ఏం చెప్పుకుంటున్నారని ఏడ్చేది.

అలగడం కూడా షెడ్డు మాటే. మగ్గం ఆగితే చెడిందని అనకూడదు. ఆ మాట మేనేజరు చెవిన పడిందా, దాన్ని ఆపేస్తారు, విప్పి నేల మీద పరుస్తారు, ఆ మగ్గం మనిషి చేతులు ముడుచుకు కూర్చోవాలి. అందుకని అలిగింది అనేవాళ్ళం. అలిగినదాన్ని ఆపకూడదు. రెండు చుక్కలు నూనె పోసి, తట్టి, బుజ్జగించి, నెమ్మదిగా నడిపిస్తూనే ఉండాలి. నడవగా నడవగా అలక తీరుతుంది. తీరేది కూడా, చాలాసార్లు. ఆ మాట మా వెంట ఇంటికొచ్చేసింది. పొయ్యి అలుగుతుంది, తలుపు గడియ అలుగుతుంది, అమ్మాయికి జ్వరమొస్తే ఒళ్ళు అలుగుతుంది. మా ఇంట్లో ఇంతవరకు చెడిపోయిన వస్తువు లేదు.

మన షెడ్డులో చెడిన మగ్గం ఒక్కటి చూపించు, మీసం తీయించుకుంటా అన్నాడు మేస్త్రీ. ఆయనకు మీసమే లేదు. బావకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేంత నవ్వు. మంచిదే, నవ్వితే ఒంట్లో రక్తం ఆడుతుంది.

సాయంత్రం చూస్తే వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతున్నాడు. ఏమిటి బావా ఇది అంటే, నడిపిస్తున్నాను, ఆపితే మొండికేస్తుంది అన్నాడు.

జూన్ 7, ఆదివారం

అమ్మాయి వచ్చింది. బస్‌స్టాండులో టికెట్ల కిటికీ వెనక ఉద్యోగం, ఆదివారమైతేనే తీరిక. కట్టు విప్పి చూసి నా మీద పడింది.

"ఇది పుండమ్మా. పుండు అను."

గీసుకుంది, అంతే అన్నాను.

"గీసుకుంటే ఇంత లోతుంటుందా? నీ నోట్లోంచి ఒక్క జబ్బు పేరైనా తిన్నగా రాదు గదా. నాకు పచ్చకామెర్లొస్తే కళ్ళు అలిగాయన్నావు."

అన్నాను, నిజమే. అయినా అది బతికి బట్టకట్టిందిగా. నా ఎదురుగా కూర్చుని నన్ను తిడుతోందిగా.

పుండు, చీము, కుళ్ళు. ఇలాంటి మాటల్ని ఇంట్లో తిరగనిస్తే కూర్చోవడానికి చోటు వెతుక్కుంటాయి. నోరు మంచిదైతే ఊరు మంచిది. మా అమ్మ జబ్బులోనే వంట చేసింది, ఇల్లు ఊడ్చింది, పోట్లాడింది. ఎవరో చుట్టం చూడటానికొచ్చి మంచం పక్కన నిలబడి ఆ జబ్బు పేరు పైకి అనేశాడు. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఇటు తిరగలేదు. జబ్బు తీసుకుపోలేదు మా అమ్మను, ఆ పేరు తీసుకుపోయింది. అమ్మాయికి ఇది చెబితే అది చదువుకున్నదాని నవ్వు ఒకటి నవ్వుతుంది.

రేపే ఆసుపత్రికి వెళ్ళమంది. తనకు సెలవు దొరకదట. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెబుతానని నా చేత ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళింది.

జూన్ 8

వెళ్ళాం. కుర్ర డాక్టరు. పిల్లవాడు మంచివాడే, బావకు కుర్చీ తనే లాగి వేశాడు. కళ్ళు మూసుకోమన్నాడు. ఒక పుల్లకు బిగించిన నైలాను పోగు ఉంది, దానితో అరికాలు అక్కడక్కడ తాకిస్తాడట, తగిలినప్పుడల్లా చెప్పాలట. ఈయన కళ్ళు మూసుకుంటే లోకం మూసుకున్నట్టే బాబూ అన్నాను. సరే, పైకప్పు చూడమనండి అన్నాడు.

బావ పైకప్పు చూస్తున్నాడు. డాక్టరు వేలి కింద తాకించాడు, పక్కన తాకించాడు, మడమ మీద తాకించాడు. పోగు విల్లులా వంగడం నాకు కనబడుతూనే ఉంది. బావ అలా చూస్తూ చూస్తూ, ఇంకా ఎప్పుడు మొదలుపెడతాడు అని నన్ను అడిగాడు.

రెండు వేళ్ళ మధ్య పోగు పెడితే ఏ నంబరు నూలో చూడకుండా చెప్పిన మనిషి.

"ఏమంటున్నారు?" అన్నాడు డాక్టరు.

నొప్పేమీ లేదంటున్నాడు అన్నాను.

"నొప్పి సంగతి కాదమ్మా. తాకినట్టు తెలుస్తోందా?"

"తెలుస్తోందట."

ఎందుకన్నానంటే, తెలియట్లేదు అన్నానా డాక్టరు ముఖం మారుతుంది. ఆ ముఖం మారడం బావ చూస్తాడు. ముఖాలు చదవడంలో ఆయన్ను మించినవాడు లేడు. అందుకని. పైగా అబద్ధమూ కాదు. కొంచెం తెలిసే ఉంటుంది, ఆయనే గమనించి ఉండడు.

మందులిచ్చాడు. పాదం నేల మీద పెట్టనే కూడదు, నడక పూర్తిగా మానాలి, వారంలో మళ్ళీ రావాలి అన్నాడు. బావ నా నోటి వైపు తిరిగాడు. మెల్లగా నడవమన్నాడు, కాస్త గాలి తగలనివ్వమన్నాడు అని చెప్పాను. నడవకూడదంటే మంచాన పడ్డట్టేగా. ఆ మాట నా పెదాలతో ఎలా అనను.

అమ్మాయి ఫోను చేసింది. చెప్పాను, అంతా చెప్పాను డాక్టరుకు అన్నాను.

జూన్ 10

తగ్గింది.

జూన్ 11

తగ్గింది. ఎరుపు కాస్త పైకి వచ్చింది. పైకి వచ్చిందంటే బయటకు పోతోందనే.

జూన్ 13

తగ్గినట్టే. బావ వరండా నడక మానలేదు. ఇవాళ నేను కూడా పక్కన నడిచాను. చెయ్యి పట్టుకున్నాడు. ఎన్నాళ్ళైందో చెయ్యి పట్టుకుని. అలక ఎవరిదో బుజ్జగింపు ఎవరికో అన్నాడు. ఈ వయసులో ఈయన వేళాకోళాలు.

జూన్ 14, ఆదివారం

అమ్మాయికి డ్యూటీ పడిందట. రాకపోయినా ఫర్వాలేదు, తగ్గింది అన్నాను.

గదిలో ఎలక చచ్చినట్టుంది. బీరువా జరిపాను, ఒంటి చేత్తో. మంచం కింద పాకాను. బియ్యం డబ్బా వెనక, కుట్టుమిషను కింద, పాత పెట్టెల సందులో చూశాను. లేదు. ఏం పోయింది అని బావ మంచం మీద నుంచి అడిగాడు. సూది అన్నాను. ఆయన కూడా నా కోసం దుప్పటి దులిపి చూశాడు.

డాక్టరు దగ్గరికి రేపు వెళ్ళాలి. ఎండ తగ్గాక ఎల్లుండి వెళ్ళొచ్చు.

జూన్ 16

ఎలక దొరకలేదు. పక్కింటివాళ్ళ గోడలో చచ్చిందేమో. కిటికీలు తీసే ఉంచాను. ఆసుపత్రికి వెళ్ళలేదు. బావకు నీరసంగా ఉంది, కాస్త ఓపిక వచ్చాక వెళ్దామన్నాను.

జూన్ 18, గురువారం

మేస్త్రీ ఎప్పటిలాగే మెట్ల మీద నుంచే అరుచుకుంటూ వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగాడు. అరుపు ఆగింది. లోపలికి వచ్చి కూర్చున్నాడు కానీ కుర్చీ అంచునే కూర్చున్నాడు. బావ ఏదో అన్నాడు, మేస్త్రీ చూడలేదు, నేను చెబితే ఊ అన్నాడు. టీ పెట్టి ఇచ్చాను. గ్లాసు పట్టుకుని, కిందపెట్టి, లేచాడు.

నేను గుమ్మం దాకా వెళ్ళాను. బావకు వీపు పెట్టి నా వైపు తిరిగాడు. గొంతు తీయలేదు. షెడ్డులో మాట్లాడినట్టు ఒట్టి పెదాలతో అన్నాడు.

"చెల్లెమ్మా, అది అలక కాదు. చెడింది."

మేస్త్రీ నోట ఆ మాట నేనెప్పుడూ చూడలేదు.

ఏమన్నాడు అని బావ అడిగాడు. టీలో పంచదార ఎక్కువైందట అన్నాను. గ్లాసు నిండుగా బల్ల మీదే ఉంది. బావ గ్లాసు వైపు చూశాడు.

జూన్ 19

చలి, వణుకు. పళ్ళు టకటకమంటున్నాయి. అమ్మాయికి ఫోను చేశాను. అది ఆటో తీసుకుని వచ్చి, కట్టు విప్పి, నా వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

పెద్దాసుపత్రి. వార్డులో మూల మంచం. మంచానికి ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క పెట్టాను.

జూన్ 20, శనివారం

పక్క మంచం ఆయన లారీ క్లీనరుగా చేసినవాడట. ఆయనకు వేళ్ళు మూడు తీసేశారు. ఆయన భార్య ఆ మాట కందిపప్పు ధర చెప్పినంత తేలిగ్గా చెప్పింది. "కుళ్ళింది, కోశారు. ఇక గోళ్ళు తీసే పని నాకు రెండు వేళ్ళకే." ఆయన దానికి పడీపడీ నవ్వాడు. భార్య అలా అంటే నవ్వుతాడేమిటి మనిషి. నేను కొంగు అడ్డం పెట్టుకుని ఇటు తిరిగాను. బావ ఆవిడ నోరు చూస్తాడేమోనని మధ్యలో కూర్చున్నాను.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చింది. ముఖానికి మాస్కు. అమ్మాయి మందుల కోసం కిందికి వెళ్ళింది. డాక్టరమ్మ నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చెప్పింది. విషం పైకి పాకుతోంది, ఇవాళే మోకాలి కింద కాలు తీసేయాలి, లేకపోతే మనిషి దక్కడు. ఈ మాస్కు లోపల ఆయన ఏం చదువుతాడు, మీరే ఆయనకు చెప్పండి, ఆయన ఒప్పుకోవాలి అంది. ఆగింది. అక్కడే నిలబడింది.

స్పర్శ ఎప్పుడు పోయిందో తెలుసా అని కూడా అడిగింది. తెలియదన్నాను.

బావ నా నోటి వైపే చూస్తున్నాడు. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమంటోంది అన్నాడు.

శుభ్రం చేస్తారట అన్నాను.

లోపలికి తీసుకెళ్ళి చేస్తారా అన్నాడు. అవును, మత్తిచ్చి చేస్తారు, నీకేం తెలియదు అన్నాను. సరే అన్నాడు. నర్సు సిరా డబ్బా తెచ్చింది. బొటనవేలు నేనే పట్టుకుని అద్దించాను.

"అర్థమైందా ఆయనకు?" అంది డాక్టరమ్మ.

"అయిందమ్మా."

శుభ్రం చేయడమే కదా అది. చెడ్డదంతా తీసేయడమే కదా. ఆ మాట ఆయన మీద పడి గోడ వైపు తిరిగితే, లోపలికి వెళ్ళేది ఎవరు, బయటకు వచ్చేది ఎవరు. ముందు బతికి రానీ, తర్వాత చెబుతాను అనుకున్నాను. తర్వాత తప్పకుండా చెబుతాను.

జూన్ 21

అయింది. బతికాడు. కాళ్ళ మీద బుట్టలాంటి ఇనప చట్రం పెట్టి దాని మీద దుప్పటి కప్పారు. బయటకు రెండూ ఉన్నట్టే కనబడుతోంది.

జూన్ 22, సోమవారం

పొద్దున కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వాడు. ముఖం కడిగినట్టుంది. నా చెయ్యి గీరి, పిల్లా, నొప్పొస్తోంది అన్నాడు.

ఎక్కడ అన్నాను.

"బొటనవేలు. పీకుతోంది. మడమ కూడా. ఇన్నాళ్ళకు తెలుస్తోంది. అలక తీరిందే."

లేని వేలు. నేను ఏం చేయాలి. నాకు చేతనైనది ఒక్కటే, తలూపాను. మేస్త్రీకి కబురు పెట్టు, వరండాలో వాడి కంటే ముందు నడుస్తానని చెప్పు అన్నాడు. సరే అన్నాను. మధ్యాహ్నం గంజి అంతా తాగాడు. వద్దంటున్నా మళ్ళీ అడిగి తాగాడు. నర్సు వచ్చి నొప్పి ఉందా అని సైగ చేస్తే, ఉంది ఉంది అని ఆనందంగా తలూపాడు. ఆ పిల్ల నా వైపు అయోమయంగా చూసింది.

చెబుదామనుకున్నాను. గంజి తాగుతున్నాడు గదా అని ఆగాను. తాగాక నిద్రపోయాడు.

అమ్మాయి సాయంత్రం వచ్చి, నాన్న ఎలా ఉన్నారు, తెలిసి ఎలా తట్టుకున్నారు అంది. ధైర్యంగానే ఉన్నాడు అన్నాను. నాన్నది గట్టి గుండె అని కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

రేపు చెబుతాను.

జూన్ 23

సీసాలో నీళ్ళు పట్టడానికి వరండా చివరికి వెళ్ళాను. కొళాయి సన్నగా వస్తోంది. వార్డులోంచి ఎవరో అరిచారు. గొడ్డలితో కట్టె కొట్టినట్టున్న గొంతు. ఎవరిదో పాపం అనుకున్నాను.

"పిల్లా. కాలు ఏదే?"

అప్పుడు తెలిసింది. ఆ గొంతు విని ఎన్నేళ్ళైందో, అమ్మాయి పెళ్ళిలో కూడా వినలేదు. సీసా అక్కడే వదిలేసి వచ్చాను. కట్టు మార్చడానికి నర్సు చట్రం తీసి పక్కన పెట్టింది. బావ మోచేతుల మీద లేచి చూస్తున్నాడు. వార్డంతా ఆయన్నే చూస్తోంది. ఆయన మాత్రం నన్ను చూశాడు. ముఖం కాదు, నోరు.

శుభ్రం చేశారు బావా అన్నాను.

అదీ నేను అన్నది. నా నోటికి ఇంకో మాట రాలేదు.

నా నోటిని ఇంకాసేపు చూశాడు. తర్వాత వెనక్కి పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

జూన్ 24

తెరవలేదు. మేలుకునే ఉన్నాడు, రెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి. ఆయన కళ్ళు మూసుకుంటే నేను మూగదాన్ని.

జూన్ 25

నర్సు వస్తే తెరుస్తాడు. అమ్మాయి వస్తే తెరుస్తాడు. నా చెయ్యి తగిలితే మూసేస్తాడు. గంజి ముట్టలేదు.

అమ్మాయికి అంతా తెలిసింది. పక్క మంచం ఆవిడ చెప్పింది. అమ్మాయి నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. అరుస్తుందనుకున్నాను. చాలా మెల్లగా అడిగింది.

"నాన్నకు తెలియకుండా నాన్న కాలు తీయించావా అమ్మా?"

మీ నాన్న తట్టుకోలేడని అన్నాను.

"తట్టుకోలేనిది ఆయన కాదు. నువ్వు."

అలా అనకూడదు అమ్మను. అనేసింది. నాకేమీ అనిపించలేదు అని రాయాలనుకున్నాను. రాయలేకపోతున్నాను.

జూన్ 27, శనివారం

డాక్టరమ్మ చెప్పింది, మోకాలు ఇలా ముడిచే ఉంచితే బిగుసుకుపోతుందట. రోజూ చాచాలి, లేకపోతే పెట్టుడు కాలు పట్టదు, ఆహారం కూడా తినకపోతే గాయం మానదు అంది. మీరు చెబితేనే ఆయనకు అర్థమవుతుంది, చెప్పండి అంది. నేను చెబితేనట.

నర్సు సైగలు చేసి చూసింది. అమ్మాయి తనకొచ్చిన నాలుగు ముక్కలతో చెప్పి చూసింది. బావ మర్యాదగా తలూపాడు. ఆయనకు ఏమీ అందలేదని నాకు తెలుసు. షెడ్డుకు కొత్త మేనేజరు వచ్చినప్పుడు అలాగే ఊపేవాడు.

జూన్ 28

ఇవాళ పక్కన కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని దుప్పటి కిందికి తీసుకెళ్ళాను. లాక్కున్నాడు. మళ్ళీ పట్టుకున్నాను. కండెలు చుట్టిన చేతులు నావి, ఇంకా బలం ఉంది. ఆ చేతిని తీసుకెళ్ళి కట్టు మీద పెట్టాను. మోకాలి కింద, అయిపోయిన చోట. వదలలేదు.

కళ్ళు తెరిచాడు.

కోసేశారు అన్నాను. పెదాలు వణికితే చదవలేడని పంటితో ఒకసారి గట్టిగా కొరికి, మళ్ళీ అన్నాను. పుండు కుళ్ళింది, విషం ఎక్కింది, కాలు కోసేశారు. డాక్టరమ్మ ముందే చెప్పింది, నీకు చెప్పమంది. నేను చెప్పలేదు.

ఇంకా ఏం చెప్పలేదు అని అడిగాడు బావ.

చెప్పాను. కుర్ర డాక్టరు పోగుతో తాకిస్తే నీకు తెలియలేదు, తెలుస్తోందని నేనన్నాను. నడవనే కూడదన్నాడు, మెల్లగా నడవమన్నాడని నేనన్నాను. వారంలో రమ్మంటే వెళ్ళలేదు. వాసన నీ కాలిదే, నేను ఎలకను వెతికాను. మేస్త్రీ చెడింది అన్నాడు, పంచదార అన్నాను.

చెబుతూ ఉంటే ఆయన ముఖం గోడ వైపు తిరుగుతుందని ఎదురుచూశాను. తిరగలేదు. ఒక్కొక్క మాటనూ ఆకలితో ఉన్న మనిషిలా చూశాడు.

"నడవకూడదని తెలిస్తే కూర్చునేవాణ్ణి గదే," అన్నాడు.

అంతే అన్నాడు. తర్వాత, ఆ రెండోది చూడు అన్నాడు.

దుప్పటి తీసి మంచి కాలు ఎత్తి చూశాను. వేళ్ళు బాగానే ఉన్నాయి. మడమ వెనక, పరుపుకు ఒరుసుకునే చోట, నల్లగా ఉంది. నా నోరు ఏం లేదు అనడానికి తయారైపోయింది. బావ చూస్తున్నాడు.

"నల్లగా ఉంది," అన్నాను.

"ఎంత?"

నా బొటనవేలి గోరు చూపించాను.

"నర్సును పిలువు. నాకు చెప్పినట్టే చెప్పు."

పిలిచాను. చెప్పాను. మడమ నలుపు తిరిగింది, ఆ కాలికి స్పర్శ లేదు, దీనికీ లేదు, ఎప్పుడో పోయింది. నర్సు పరుగున వెళ్ళి డాక్టరమ్మను తెచ్చింది. మడమ పరుపుకు తగలకుండా కాలి కింద దిండు పెట్టారు. ముందే చూడటం మంచిదైంది అన్నారు.

జూలై 1

రోజుకు రెండుసార్లు మడమ చూసి చెబుతున్నాను. అంచు ఎర్రగా ఉంది. నీరు కారుతోంది. నిన్నటికంటే కొంచెం పెద్దదైంది. అలాంటి మాటలు చెప్పేటప్పుడు కళ్ళు తెరిచే ఉంచుతాడు. మోకాలు చాచమంటే చాస్తాడు, నొప్పికి పళ్ళు బిగపట్టి చాస్తాడు. నొప్పి ఎంత అంటే ఉన్నంతా చెబుతాడు, నేను నర్సుకు అంతా చెబుతాను, మందు పెంచారు.

వేరే ఏదైనా చెప్పబోతే మూసేస్తాడు. దిండు సరిగ్గా ఉందా బావా అన్నాను, మూసుకున్నాడు. అమ్మాయి నీ చొక్కా ఉతికి తెచ్చింది అన్నాను, మూసే ఉన్నాయి.

జూలై 3

మేస్త్రీ వచ్చాడు. కాలి వైపు చూసి, అరవలేక, కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. బావే ఆయన వీపు నిమిరాడు. ఇద్దరూ పెదాలతో చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను అటు తిరిగి నిలబడ్డాను. చూస్తే చదివేస్తాను గదా.

జూలై 7, మంగళవారం

మడమ ఆరుతోంది. పొద్దున్నే కిటికీ వెలుగులో చూశాను. నలుపు అంచు ఊడి వస్తోంది, కింద చర్మం లేతగా, పసిపిల్ల చెవిలా ఉంది. తడి లేదు. వేలితో చూశాను, లేదు. నా కళ్ళను నేనే నమ్మక కళ్ళజోడు తుడిచి మళ్ళీ చూశాను.

బావ భుజం తట్టాను. కాలి సంగతేనని తెలిసి కళ్ళు తెరిచాడు.

"తగ్గుతోంది బావా," అన్నాను.

నా నోటిని చూశాడు. ఆయన ముఖంలో ఏదో మూతపడింది. కళ్ళు మూసుకోలేదు, అంతకంటే ఎక్కువే చేశాడు. తల తిప్పి, రెండు మంచాల అవతల మందులు పంచుతున్న నర్సు వైపు చెయ్యెత్తాడు. ఆ పిల్ల వచ్చి, వంగి, మడమ చూసి, ఆయన వైపు బొటనవేలు ఎత్తి నవ్వుతూ తలూపింది. అప్పుడు బావ కూడా తలూపాడు. దిండు మీద వెనక్కి వాలాడు.

తగ్గుతోంది, నిజంగా తగ్గుతోంది అని నేను మళ్ళీ అన్నాను. ఆయన చూపు అప్పటికే కిటికీ మీద ఉంది.

చెడు ఉంటే నేనొక్కదాన్ని చెప్పినా నమ్ముతాడు. మంచి చెప్పాలంటే నర్సు పక్కన ఉండాలి. ఆ పిల్ల మళ్ళీ సాయంత్రం వస్తుంది. మడమ చూసి ఉంచుతాను, ఆమె వచ్చి నిలబడ్డాకే చెబుతాను.